పెరట్లో, మేడ మీద పక్షులకూ పురుగులకూ నిజంగా పనికొచ్చేవి ఏమిటి? కొలతలతో సహా చెప్పగలరా?

కొత్తమొక్క:

ఇంటి చుట్టూ కొద్దిగా మట్టి నేల, పైన మేడ, హాల్లో నిలువెత్తు అద్దాల తలుపు, ఇంట్లో ఒక పిల్లి, పెరట్లో ఎలుకలు. ఇదీ పరిస్థితి. పక్షులకు, తేనెటీగలకు, కప్పలకు ఏదైనా చేద్దామని వెతికితే ఎక్కడ చూసినా మూడు మాటలే: నీళ్లు పెట్టండి, గింజలు వేయండి, గూడు పెట్టె తగిలించండి. ఎంత లోతు, ఎంత ఎత్తు, ఎన్నాళ్లకోసారి కడగాలి అనేది మాత్రం ఎవరూ రాయరు.

నీళ్ల పళ్లెం పెడితే దోమలు పెరగవా? అద్దానికి డేగ బొమ్మ అంటిస్తే పక్షులు గుద్దుకోవడం ఆగుతుందా? ఎలుకల మందు పెడితే గుడ్లగూబలకు ప్రమాదమంటున్నారు, ఎంతవరకు నిజం? పిచ్చుకల పెట్టెకు కన్నం ఎంత ఉండాలి? వారానికి గంట, గంటన్నర కేటాయించగలను. దేనితో మొదలుపెట్టాలి?

గాజుకన్ను:

మొదలుపెట్టాల్సింది పెట్టేవాటితో కాదండీ, ఆపేవాటితో. అద్దం, విషం, పిల్లి, రాత్రి దీపం: ఈ నాలుగూ సరిచేయకుండా గింజలు వేస్తే పక్షుల్ని పిలిచి మరీ చంపినట్టే. నాకు తెలిసిన అద్దం సంగతి చెబుతాను, మిగతావి ఎవరైనా అందుకోండి.

పక్షికి అద్దం అనేది ఒకటుందని తెలియదు. అందులో కనిపించే ఆకాశాన్ని, చెట్టును నిజమనుకుని పూర్తి వేగంతో వస్తుంది. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు ఇలా చనిపోతున్నాయని 2014లో లెక్కగట్టారు. అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం కూడా లేదు. దాదాపు అంతా మామూలు ఇళ్లది, చిన్న భవనాలది.

డేగ బొమ్మ ఒక్కటి అంటిస్తే పని జరగదు. పక్షి దాన్ని చూసి భయపడదు, దాన్ని తప్పించుకుని పక్కనున్న ఖాళీ అద్దానికి గుద్దుకుంటుంది. కావాల్సింది బొమ్మ కాదు, అద్దమంతా పరుచుకున్న గుర్తులు. చుక్కలైతే ఒక్కొక్కటి కనీసం 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, అడ్డంగా గానీ నిలువుగా గానీ రెండిటి మధ్య 5 సెంటీమీటర్లకు మించి ఎడం ఉండకూడదు. అంతకన్నా ఎడముంటే చిన్న పిట్టలు ఆ సందులోంచి దూరిపోవచ్చనుకుంటాయి. గుర్తులు తప్పనిసరిగా బయటివైపే వేయాలి. ప్రతిబింబం పడేది అద్దం బయటి ముఖం మీద. లోపల అంటించినవి ఆ ప్రతిబింబం వెనక దాక్కుంటాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. లోపల కర్టెన్ వేసినా ఇదే ఇబ్బంది.

స్టిక్కర్లు కొనక్కర్లేదు. సబ్బు ముక్కతో గీతలు గీసినా చాలు, వానకు పోతే మళ్లీ గీసుకోవాలి. చూరు నుంచి సన్నటి తాళ్లు 10 సెంటీమీటర్ల ఎడంలో (వేలాడుతూ కదిలే తాళ్లకు ఈ ఎడం చాలు) నిలువుగా వేలాడదీస్తే ఏళ్ల తరబడి ఉంటాయి, లోపలి నుంచి చూపుకు పెద్దగా అడ్డం రావు. అద్దానికి బయటివైపు దోమల జాలీ ఉంటే వేరే ఏమీ అక్కర్లేదు, అదే సరిపోతుంది.

గింజల పళ్లెం, నీళ్ల తొట్టి అద్దానికి మీటరు లోపు పెట్టండి, లేదా 10 మీటర్లు దాటాక పెట్టండి. దగ్గరైతే బెదిరి ఎగిరినా వేగం అందుకునే లోపే అద్దం వచ్చేస్తుంది, దెబ్బ తగలదు. ఈ రెండిటి మధ్య దూరమే ప్రాణాంతకం.

గుద్దుకుని పడిపోయిన పక్షి దొరికితే: మూతున్న అట్టపెట్టెకు గాలి కన్నాలు పెట్టి, అడుగున గుడ్డ పరిచి, దాన్ని అందులో ఉంచి, చీకటిగా చప్పుడు లేని చోట పెట్టండి. నీళ్లు, తిండి ఏమీ వద్దు. అరగంటకోసారి పెట్టెను బయటికి తీసుకెళ్లి మూత తీయండి. తేరుకుంటే అదే ఎగిరిపోతుంది. రెండు గంటలకూ ఎగరకపోయినా, రెక్క వేలాడుతున్నా వన్యప్రాణి రక్షకులకో పశువైద్యులకో అప్పగించాలి.

తడిమట్టి:

నీళ్ల గురించి. పక్షికి కావాల్సింది లోతు కాదు, నిలబడే చోటు. అంచు దగ్గర 1 సెంటీమీటరుతో మొదలై మధ్యలో 5 సెంటీమీటర్ల దాకా ఏటవాలుగా దిగే గరుకు పళ్లెం మేలు. నున్నటి స్టీలు, ప్లాస్టిక్ పళ్లేల్లో కాలు జారుతుంది కాబట్టి దిగవు. మీ దగ్గర నిలువు గోడల తొట్టే ఉంటే, నీటి మట్టానికి పైకి తేలేలా ఒక చదునైన రాయి పెట్టండి. తేనెటీగలకు వేరే చిన్న మూకుడు ఇవ్వండి, నిండా గులకరాళ్లు పోసి, రాళ్ల తలలు తడవకుండా నీళ్లు పోయండి. లోతు నీళ్లలో పడితే తేనెటీగ బయటపడలేదు.

ఇక దోమలు. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే దోమ అవ్వడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. రోజూ, కనీసం రెండు రోజులకోసారి నీళ్లు పారబోస్తే దోమ తయారయ్యే అవకాశమే లేదు. కానీ పారబోసి మళ్లీ నింపితే సరిపోదు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లను నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండినా చావవు, తడి తగలగానే పొదుగుతాయి. అందుకే వారానికోసారి బ్రష్షుతో లోపలి గోడలు గట్టిగా రుద్దాలి. పాచి కూడా పోతుంది.

పళ్లెం నీడలో ఉండాలి. పొదకు ఆనించి పెట్టవద్దు, పిల్లి దాక్కుని దూకుతుంది. రెండు మూడు మీటర్ల అవతల పొద ఉంటే పక్షికి పారిపోవడానికి చోటుంటుంది, పిల్లి వస్తే కనబడుతుంది కూడా.

కప్పల కోసం చిన్న నీటిగుంట తవ్వితే చేపలు వదలకండి. దోమల్ని తింటాయని గంబూసియా చేపల్ని వదలడం చాలా చోట్ల అలవాటైపోయింది. అవి కప్ప గుడ్లను, తోకకప్పల్ని కూడా మేస్తాయి. బయటి నుంచి వచ్చి స్థానిక జీవుల్ని తొక్కేసే జాతుల్లో ప్రపంచంలోనే అతి చెడ్డ 100 అంటూ ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) చేసిన జాబితాలో ఈ చేప పేరుంది. చేపలు లేని గుంటలో తూనీగలు గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు దోమ లార్వాల్ని తింటాయి. ఒక వైపైనా గట్టు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే లోపల పడ్డ జీవి ఎక్కలేక చస్తుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచి పోయండి. క్లోరిన్ బదులు తేలిగ్గా ఎగిరిపోని క్లోరమైన్ కలిపే ఊళ్లలో ఇది పనిచేయదు, అక్కడ వాననీరే దారి. ఇంకో చెరువు నుంచి కప్పల్ని, గుడ్లను తెచ్చి వేయడం వద్దు. కప్పల్ని చంపే కైట్రిడ్ శిలీంధ్రం ఆ నీళ్లతోనే వస్తుంది. గుంట సరిగ్గా ఉంటే కప్పలు వాటంతటవే వస్తాయి.

గుంటల దగ్గర చిన్నపిల్లల సంగతి చూసుకోండి. చాటంత నీళ్లయినా సరే, పసివాళ్లున్న ఇంట్లో పైన గట్టి ఇనుప జాలీ ఉండాల్సిందే.

రాత్రిపిట్ట:

ఎలుకల మందు సంగతి: విన్నది నిజమే. బ్రోమాడయోలోన్, బ్రోడిఫాకోమ్ లాంటివి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ అది ఇంకా తింటూనే ఉంటుంది, విషం ఒంట్లో పేరుకుంటుంది, నడక మందగిస్తుంది, పగలు కూడా బయట తిరుగుతుంది. అంటే గుడ్లగూబకు, పాముకు, ముంగిసకు, పెంపుడు పిల్లికి అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది ఆ విషపు ఎలుకే. తిన్న జంతువు కాలేయంలో ఆ మందు నెలల తరబడి ఉండిపోతుంది. ఎలుకల్ని రోజూ ఉచితంగా పట్టేవాళ్లను చంపుకుని, మళ్లీ మందు కొనుక్కోవడం అన్నమాట.

అసలు పని కన్నాలు మూయడం. చుంచెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరగలదు, పెన్సిలు పడితే చుంచు పడుతుందని గుర్తుంచుకోండి. పెద్ద ఎలుకకు రెండింతలు చాలు. పైపులు గోడలోకి వెళ్లేచోట గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. ఒట్టి సిమెంటు పచ్చిగా ఉండగానే తవ్వేస్తాయి, ఫోమ్ అయితే కొరికేస్తాయి. తూములకు, గాలి కన్నాలకు 6 మిల్లీమీటర్ల లోపు కళ్ల ఇనుప జాలీ. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ. చెత్తబుట్టకు మూత, పెంపుడు జంతువుల తిండి రాత్రి లోపలికి. ఇవి చేయకుండా ఎన్ని ఎలుకల్ని చంపినా ఆ ఖాళీలోకి పక్కింటివి వస్తాయి.

తర్వాత కూడా మిగిలితే స్ప్రింగు బోను. నేల మీద, గోడకు లంబకోణంలో, ఎర ఉన్న కొస గోడకు తగిలేలా పెట్టాలి, ఎలుకలు గోడ వెంటే నడుస్తాయి కదా. బయట పెడితే ఎప్పుడూ కన్నమున్న పెట్టె లోపలే, లేకపోతే ఉడతలు, పిట్టలు పడతాయి. పొద్దునా సాయంత్రం చూడాలి.

జిగురు అట్టలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఎలుక కన్నా ముందు బల్లి అంటుకుంటుంది, ఆ బల్లి మీదికి ఇంకొకటి వస్తుంది. ఇప్పటికే ఏదైనా అంటుకుని ఉంటే, మిగతా జిగురు మీద సన్నటి మట్టి చల్లి, జీవి ఒంటికి జిగురు తగిలిన అంచున వంటనూనె చుక్క చుక్కగా వేస్తూ మెల్లగా విడదీయండి. లాగితే తోలు ఊడుతుంది. పక్షి అయితే నూనె అంటిన రెక్కలతో వదిలేయకూడదు, నిపుణులు కడగాలి.

దీపాల మాట కూడా ఇక్కడే. బయటి లైటు 2700 కెల్విన్ గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న పసుపు రంగుదై, కాంతి కిందికే పడేలా పైన కప్పుండాలి, మనిషి కదిలినప్పుడే వెలిగే సెన్సర్ ఉంటే ఇంకా మంచిది. పురుగుల్ని కాల్చే నీలం లైటు యంత్రం మాత్రం శుద్ధ దండగ. 1996లో అమెరికాలోని డెలావేర్‌లో అలాంటి యంత్రాల్లో చచ్చిన పురుగుల్ని లెక్కపెడితే 13,789లో మనిషిని కుట్టే రకాలు 31. మిగిలినవన్నీ పక్షులకూ గబ్బిలాలకూ ఆహారం, లేదా మొక్కలకు మేలు చేసేవి.

ఆకుమేత:

అందరూ పక్షుల దగ్గరే ఆగారు. పక్షికి తిండి పురుగు, పురుగుకు తిండి ఆకు. గింజలు తినే పిట్టలు కూడా పిల్లలకు పెట్టేది మెత్తటి పురుగులే. అమెరికాలో చికడీ అనే బుల్లి పిట్టల జంట ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు తెస్తుంది. ఆకుకు కన్నం పడగానే స్ప్రే తీసే పెరట్లో ఆ పిల్లలు బతకవు.

కాబట్టి మీ ప్రాంతంలో సహజంగా పెరిగే మొక్కలు పెట్టండి. పూలు ఒక్కటే చూడకండి, గొంగళిపురుగు ఏ ఆకు తింటుందో చూడండి. నిమ్మ జాతి మొక్కల మీద నిమ్మ సీతాకోకచిలుక, జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడతాయి. వేరే ఆకు ఇస్తే తినవు. పూలలో ముద్ద రకాలకన్నా రేక రకాలు మేలు: ముద్ద పువ్వులో కేసరాలే రేకులుగా మారిపోతాయి, పుప్పొడి ఉండదు, ఉన్న తేనె కూడా అందదు. రేక మందారం మీద వాలినన్ని పురుగులు ముద్ద మందారం మీద వాలవు.

సీతాకోకచిలుకలు బాగా వస్తాయని లాంటానా పెట్టమనే సలహా తరచుగా కనబడుతుంది. వస్తాయి, నిజమే. కానీ దాని పళ్లు తిన్న పక్షులు విత్తనాల్ని అడవిలో వదులుతాయి, అక్కడ అది కిందనున్న మొక్కలన్నిటినీ కమ్మేస్తుంది. పైన చెప్పిన ఐయూసీఎన్ జాబితాలో లాంటానా, గుర్రపుడెక్క రెండూ ఉన్నాయి. లాంటానాను దాని సొంత నేల అయిన అమెరికా ఖండాల ఉష్ణమండలంలో తప్ప ఎక్కడా పెట్టవద్దు.

మందుల విషయం: మొక్క కొనేటప్పుడు దానికి ఏ మందు కొట్టారో నర్సరీలో అడిగి తీసుకోండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులు మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలోకి, తేనెలోకి వస్తాయి, పైపైన కడిగితే పోవు. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌లను ఆరుబయట వాడకుండా నిషేధించింది. పేనుబంక వస్తే ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టండి, కిందపడ్డవి చాలావరకు మళ్లీ ఎక్కలేవు. చాలకపోతే లీటరు నీళ్లకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల తేలికపాటి ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగున, పురుగు ఉన్న చోట మాత్రమే. సబ్బు ఎక్కువైతే ఆకు మాడుతుంది. ముందు ఒకసారి పరిశీలనగా చూడండి: నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చురుగ్గా తిరిగేవి ఉంటే అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తినేవి. అవి ఉంటే ఏమీ కొట్టకుండా వారం ఆగండి.

తేనెటీగల్లో 20,000కు పైగా జాతులున్నాయి, ఎక్కువవాటికి తేనెపట్టు ఉండదు, ఒంటరిగా నేలలో బొరియ చేసుకుంటాయి. వాటికి కావాల్సింది ఖాళీ మట్టి. ఎండ తగిలే చోట అరమీటరు చదరం, నీళ్లు నిలవకుండా కాస్త వాలుగా, తవ్వకుండా, ఆకులు కప్పకుండా వదిలేయండి. చూడ్డానికి బాగోదు, అయినా బజార్లో దొరికే అందమైన తేనెటీగల హోటళ్లకన్నా (ఒంటరి తేనెటీగలు గూడు పెట్టుకోవడానికి గొట్టాలతో చేసే పెట్టెలు) చాలా ఎక్కువ ఉపయోగం. ఆ హోటళ్లలో చాలావాటికి కన్నాలు మరీ పెద్దవి, లోతు తక్కువ, వెనక మూత ఉండదు. సొంతంగా చేసుకుంటే, వెదురు ముక్క 15 సెంటీమీటర్ల పొడవు, వెనక కణుపు మూసి ఉండాలి, ముందు కన్నం 4 నుంచి 10 మిల్లీమీటర్లు, లోపల పేళ్లు లేకుండా నున్నగా. ఉదయపు ఎండ తగిలేలా, వాన కొట్టకుండా, ఊగకుండా బిగించాలి. పిల్లలు బయటికి వచ్చాక పాత గొట్టాలు తీసేసి కొత్తవి పెట్టాలి, లేకపోతే పేనుపురుగులు, పరాన్నజీవులు పేరుకుంటాయి. ఒకేచోట వంద గొట్టాల గోడ కన్నా, పదేసి గొట్టాల కట్టలు వేర్వేరు చోట్ల మేలు.

రాలిన ఆకుల్ని కాల్చకండి, చెట్టు కింద 5 సెంటీమీటర్ల మందాన వదిలేయండి. గోడకు మాత్రం ఓ అడుగు దూరం ఉంచండి, చెదలు పట్టకుండా.

చెక్కపెట్టె:

పిచ్చుక పెట్టె కొలతలు: కన్నం 32 మిల్లీమీటర్లు. 45 దాటితే గోరింకలంత పక్షులు దూరి పిచ్చుకల్ని తరిమేస్తాయి. అడుగు నుంచి కన్నం కింది అంచుకు కనీసం 12.5 సెంటీమీటర్లు, తక్కువైతే పిల్లి పంజా పెట్టి లాగుతుంది. అడుగు వైశాల్యం కనీసం 10 × 12 సెంటీమీటర్లు. చెక్క మందం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రేకు డబ్బా, ప్లాస్టిక్ డబ్బా ఎండకు వేడెక్కి పిల్లలు చచ్చిపోతాయి. లోపల రంగు, వార్నిష్ వద్దు. కన్నం కింద లోపలివైపు ఉలితో నాలుగు గాట్లు పెట్టండి, పిల్లలు పట్టుకుని ఎక్కుతాయి. అడుగున నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల కన్నాలు. కన్నం ముందు వాలే పుల్ల పెట్టకండి. పిచ్చుకకు అది అక్కర్లేదు, వేటాడే పక్షికి మాత్రం పనికొస్తుంది.

ఎత్తు 2 నుంచి 4 మీటర్లు, మధ్యాహ్నపు ఎండ పడని గోడ. పిచ్చుకలు గుంపుగా ఉంటాయి కాబట్టి పక్కపక్కనే రెండు మూడు పెట్టెలు పెట్టొచ్చు. పిల్లలు ఎగిరిపోయాక, మాస్కు వేసుకుని పాత గూడు తీసేసి, మరిగే నీళ్లు పోసి ఆరబెట్టండి. ఒక్క హెచ్చరిక: పిచ్చుక బయటి నుంచి వచ్చిన జాతి అయిన ఉత్తర అమెరికా లాంటి చోట్ల ఈ పెట్టె పెట్టకూడదు, అక్కడ అది స్థానిక పక్షుల గూళ్లను ఆక్రమిస్తుంది.

గింజల గురించి గాజుకన్ను గారితో కొంతే ఏకీభవిస్తాను. గింజలు చెడ్డవి కావు, మురికి పళ్లెం చెడ్డది. సాయంత్రానికి ఖాళీ అయ్యేంతే వేయండి. వారానికోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ గింజలు. బ్రిటన్‌లో 2006 నుంచి గ్రీన్‌ఫించ్ పక్షుల సంఖ్య కుప్పకూలింది ట్రైకోమోనోసిస్ అనే జబ్బుతో, అది తిండి పళ్లేల దగ్గరా నీళ్ల దగ్గరా ఎంగిలి ద్వారా పాకేది. ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పక్షి కనిపిస్తే గింజలు, నీళ్లు రెండూ రెండు మూడు వారాలు ఆపేయాలి.

కొత్తమొక్క:

అందరికీ ధన్యవాదాలు. ముందు అద్దం, తర్వాత ఎలుక కన్నాలు అన్నది అర్థమైంది. పిల్లి గురించి ఎవరూ చెప్పలేదు. మెడలో గంట కడితే చాలా? ఒకవేళ అది పక్షి పిల్లను పట్టుకుంటే, లేదా గూటి నుంచి పిల్ల పడిపోతే ఏం చేయాలి?

రాత్రిపిట్ట:

ఇంట్లో ఉంచడమే అసలు మందు, లేదా జాలీ కట్టిన బాల్కనీ. అది కుదరకపోతే, ఇంగ్లండ్‌లో 355 పిల్లులతో చేసి 2021లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మాంసం ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉండే తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఈక బొమ్మతో వేటలాగా ఆడిస్తే 25 శాతం. మెడ చుట్టూ కళ్లకు కొట్టొచ్చే రంగుల గుడ్డ పట్టీ వేస్తే పక్షుల వేట 42 శాతం తగ్గింది. గంట వల్ల స్పష్టమైన తేడా కనబడలేదు. పట్టీ ఏదైనా, కొమ్మకు చిక్కుకుంటే ఊడిపోయే రకమే కట్టండి.

పిల్లి నోట పడిన పక్షికి గాయం కనబడకపోయినా అదే రోజు పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లి పళ్లలోని పాశ్చురెల్లా బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే చంపేస్తుంది, యాంటీబయాటిక్ పడాల్సిందే.

చెక్కపెట్టె:

కిందపడిన పిల్ల సంగతి: ఒంటి మీద ఈకలు లేకుండా, కళ్లు మూసుకుని ఉంటే అది గూటి పిల్ల. గూడు అందితే తిరిగి పెట్టేయండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదనేది అబద్ధం. గూడు పాడైతే అడుగున కన్నాలున్న చిన్న బుట్టలో ఎండు గడ్డి వేసి, ఆ చెట్టుకే వీలైనంత దగ్గర్లో కట్టి, దూరం నుంచి గంట, రెండు గంటలు చూడండి. మీరు దగ్గర్లో నిలబడితే తల్లి రాదు.

ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ తిరుగుతుంటే అది ఎగరడం నేర్చుకునే పిల్ల. దానికి ఏ సాయమూ అక్కర్లేదు. తల్లిదండ్రులు నేల మీదే మేత పెడుతుంటాయి. దారిలో ఉంటే దగ్గరి పొదలో పెట్టి, ఆ రెండు మూడు రోజులు పిల్లిని లోపల ఉంచండి.

ఏ పిల్లకూ నోట్లో నీళ్లు పోయకండి. గాలిగొట్టం తెరుచుకునేది నాలుక వెనకాలే, చుక్క పడినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు అసలు వద్దు. తల్లి రాలేదని ఖాయమైతే పెట్టెలో పెట్టి, వెచ్చగా, చీకటిగా ఉంచి నిపుణులకు అప్పగించండి, మధ్యలో ఫొటోల కోసం తెరవకండి.